కత్తిరి ఎండలు రాకముందే: నీళ్లతో పాటు ఉప్పు లెక్క కూడా చూసుకోండి

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు మన వైపు. మద్రాసులో అంతదాకా ఆగనక్కర్లేదు. మే మొదటి వారంలోనే అగ్నినక్షత్రం, ఇక్కడివాళ్ల మాటలో కత్తిరి, మొదలై నెలాఖరు దాకా వదలదు. 2003 మే 31న నుంగంబాక్కంలో 45 డిగ్రీలు నమోదైంది. అయితే ఈ ఊళ్లో డిగ్రీలొక్కటే చూసుకుంటే మోసపోతాం. రెంటచింతల ఎండ పొడి ఎండ, చెమట ఆరిపోతూ ఒంటిని చల్లబరుస్తుంది. సముద్రపు తేమలో చెమట ఆరదు, కారిపోతుంది. ఒళ్లు చల్లబడకపోగా నీరూ, ఉప్పూ రెండూ పోతాయి.

చెమటతో ముఖ్యంగా పోయేవి సోడియం, క్లోరైడ్, పొటాషియం కొద్దిగా. నరాల్లో సంకేతం నడవాలన్నా, కండరం బిగిసి వదలాలన్నా, గుండె లయ తప్పకుండా ఉండాలన్నా ఈ లవణాలు తగిన పాళ్లలో ఉండాలి. లీటరు రక్తంలో సోడియం 135 నుంచి 145 మిల్లీమోల్స్ మధ్య ఉండాలి. గంటల తరబడి చెమటోడ్చి, పైన వట్టి నీళ్లే లీటర్లకొద్దీ పోస్తే అది పలచబడుతుంది. తలనొప్పి, వాంతి వచ్చినట్టుండడం, మాట తడబడడం, ముదిరితే ఫిట్స్. చూడ్డానికి ఎండ దెబ్బలాగే ఉంటుంది కాబట్టి పక్కనున్నవాళ్లు ఇంకో చెంబు నీళ్లు తాగిస్తారు. అసలు ప్రమాదం అక్కడే.

అంబత్తూరు ఫ్యాక్టరీ షెడ్లలో, కట్టడం పనుల్లో, పెళ్లి వంటల పొయ్యిల దగ్గర ఉండే మనవాళ్లు నీళ్లతో పాటు ఉప్పు వేసిన మజ్జిగో గంజో వెంట పెట్టుకోవాలి. పొద్దున చద్దన్నం తిని వెళ్తే మరీ మంచిది. ఐటీ ఆఫీసులుండే ఓఎంఆర్ రోడ్డులో ఏసీ కింద కూర్చునేవాళ్లకు మాత్రం రంగురంగుల ఎలక్ట్రోలైట్ (లవణాల) పొడులు దండగ. ప్రపంచ ఆరోగ్య సంస్థ రోజుకు 5 గ్రాముల లోపు ఉప్పు చాలంటుంది. ఆవకాయ, అప్పడం ఉన్న ఇంట్లో అది ఎప్పుడో దాటిపోయి ఉంటుంది.

కొబ్బరి బోండాం మంచిదే. కాకపోతే అందులో పొటాషియం ఎక్కువ, సోడియం తక్కువ. బాగా చెమట పట్టినవాళ్లకు అదొక్కటే సరిపోదు. వీధి చివర నీర్‌మోర్ పందిట్లో మజ్జిగ పోస్తుంటే మొహమాటపడకుండా తాగండి, ఐసు ఎక్కడిదో మాత్రం ఓసారి అడగండి.

విరేచనాలు పట్టుకుంటే ఓఆర్ఎస్సే మందు. ప్యాకెట్ మీద ఎన్ని నీళ్లని ఉంటే అన్నిట్లో మొత్తం పొడి ఒకేసారి కలపాలి. లీటరు ప్యాకెట్‌ను గ్లాసుకింతని చిలకరిస్తే కొలత చెడుతుంది. అందులో 13.5 గ్రాముల గ్లూకోజు రుచి కోసం వేసింది కాదు. పేగు గోడలోంచి సోడియాన్ని తనతోపాటు లోపలికి తీసుకెళ్లేది అదే, వాటి వెనకే నీరు వెళ్తుంది. ప్యాకెట్ దొరక్కపోతే లీటరు శుభ్రమైన నీళ్లలో 6 టీస్పూన్ల పంచదార, అర టీస్పూను ఉప్పు, అంచుకు సమంగా కొలిచి కలపండి. ఉప్పు పెరిగితే పసిపిల్లలకు హాని. ప్యాకెట్‌తో కలిపినదైనా, ఇంట్లో చేసినదైనా మర్నాటికి మిగిలితే పారబోయాలి.

మందుల షాపులో ఓఆర్ఎస్ అని అడిగితే తియ్యటి డబ్బా డ్రింకు చేతిలో పెట్టే అలవాటు చాలాకాలం సాగింది. హైదరాబాద్ పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ ఏళ్లతరబడి దీనిమీద పోరాడారు; సరైన ఫార్ములా లేని పానీయాలకు ఆ పేరు వాడొద్దని దేశంలో ఆహార భద్రత చూసే ప్రభుత్వ సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ 2025 అక్టోబరులో ఆదేశించింది. అయినా మీరు అట్ట మీద ప్రపంచ ఆరోగ్య సంస్థ ఫార్ములా అని ఉందో లేదో చదివే కొనండి.

ఇంట్లో పెద్దవాళ్లుంటే ఇంకాస్త చూసుకోవాలి. బీపీకి నీరు లాగే మాత్రలు వేసుకునేవాళ్లలో సోడియం ఊరికే పడిపోతుంది. కిడ్నీ జబ్బున్నవాళ్లకు కొబ్బరి నీళ్లూ, సోడియం తగ్గించిన ఉప్పూ పొటాషియాన్ని పెంచి గుండె మీదికి తెస్తాయి. గుండె బలహీనంగా ఉన్నవాళ్లకు నీళ్లకే కొలత ఉంటుంది. ఈ వేసవికి ఎన్ని నీళ్లు, ఎంత ఉప్పు, మాత్ర మోతాదు మార్చాలా అని ఏప్రిల్‌లోనే డాక్టర్ని అడిగి పెట్టుకోండి. మాత్రలు మీ అంతట మీరు ఆపొద్దు.

ఎండలో ఉన్న మనిషి ఒళ్లు కాలిపోతూ తికమకగా మాట్లాడుతున్నా, స్పృహ తప్పినా వెంటనే 108కి ఫోన్ చేయండి. నీడకు చేర్చి ఒళ్లంతా తడిపి, ఫ్యాను పెట్టి, మెడ దగ్గర, చంకల్లో, గజ్జల్లో ఐసు ఉంచండి. స్పృహ లేనివాళ్ల నోట్లో నీళ్లూ, ఓఆర్ఎస్సూ, ఏదీ పోయకూడదు.