సముద్రం ఒడ్డున టెంట్ వేసే ముందు ఆ గీత చూడండి

బైక్ మీద ఒంటరిగా తీరం వెంబడి తిరుగుతూ రాత్రికి టెంట్ వేసుకునేవాళ్ళకి ఒక మాట. సాయంత్రం నీళ్ళు ఎంత దూరంలో ఉన్నాయో చూసి చోటు ఎంచుకోకండి. చాలా తీరాల్లో ఒక పోటుకీ తర్వాతి పోటుకీ మధ్య దాదాపు 12 గంటల 25 నిమిషాలే ఉంటుంది. అంటే మీరు గాఢనిద్రలో ఉండగా నీళ్ళు పైకి రావచ్చు. ఇసుకలో ఎండిన నాచు, పుల్లలు వరసగా పడి ఉన్న గీత కనిపిస్తుంది. ఈమధ్య పోటు అక్కడిదాకా వచ్చిందన్నమాట. టెంట్, బైక్ రెండూ దానికి బాగా పైనే ఉండాలి. అమావాస్య, పౌర్ణమి రోజుల్లో, ఆ తర్వాత ఒకటి రెండు రోజులు పోటు ఇంకా ఎక్కువ, కాబట్టి మరింత పైకి జరగండి.

ఇసుకలో మామూలు మేకులు నిలవవు. సంచుల్లో ఇసుక నింపి, తాడు కట్టి పాతిపెడితే గాలికి తట్టుకుంటాయి. సైడ్ స్టాండ్ కింద చెక్కముక్క తప్పనిసరి. ఒక్కరే ఉన్నప్పుడు లగేజీతో పడిపోయిన బైక్‌ని లేపడం నిజంగా కష్టం.

వీలు దొరకగానే ఉప్పు పోయేలా మంచినీళ్ళతో బండి కడిగి, చైన్ తుడిచి ఆయిల్ వేయండి.