రీఫ్ ట్యాంక్‌లో తప్పు ఎక్కడ జరిగిందో ఎలా పట్టుకోవాలి?

రీఫ్ ట్యాంక్ అంటే ఇంట్లో కోరల్స్, అంటే పగడాలు పెంచే ఉప్పునీళ్ల అక్వేరియం. అందులోని జోయాంథిడ్స్ (చిన్న పువ్వుల్లా విచ్చుకునే మెత్తటి కోరల్స్) ముడుచుకుపోయి రెండ్రోజులైనా విచ్చుకోలేదంటే ముందు చేతులు కట్టుకుని కూర్చోండి, నిజంగానే. చాలామంది కంగారులో ఒకే సాయంత్రం సగం నీళ్లు మార్చేసి, ఏదో బాటిల్ పోసేసి, లైట్ తగ్గించి, రాళ్లు కూడా జరిపేస్తారు, ఆ తర్వాత కోరల్ బతికినా చచ్చినా దేనివల్లో ఎవరికీ తెలీదు.

మొదట టెస్ట్ కిట్ తీసి టెంపరేచర్, ఉప్పు, అమోనియా, నైట్రేట్, ఆల్కలినిటీ (నీళ్ల పీహెచ్ మారకుండా పట్టి ఉంచే గుణం) చూసి తేదీ వేసి రాసుకోండి. అమోనియా కనిపిస్తే మాత్రం ఆలోచించేదేం లేదు, వెంటనే కొంత నీళ్లు మార్చాలి.

తర్వాత ఉప్పు. కొత్తవాళ్లకి కొంప మునిగేది ఎక్కువగా ఇక్కడే. నీళ్లు ఆవిరైపోతాయి గానీ ఉప్పు ట్యాంక్‌లోనే ఉండిపోతుంది, ఎండాకాలం పైన ఫ్యాన్ పెడితే ఇంకా త్వరగా తగ్గుతాయి నీళ్లు. 100 లీటర్ల ట్యాంక్‌లో లీటరుకి 35 గ్రాముల ఉప్పు ఉందనుకోండి, 5 లీటర్లు ఆవిరైతే దాని బదులు ఉప్పునీళ్లే పోశారంటే 175 గ్రాములు ఎక్స్‌ట్రా పడినట్టే, ఇలా మూడుసార్లు చేస్తే లీటరుకి 40 గ్రాములు దాటిపోతుంది. తగ్గిన నీళ్ల బదులు ఎప్పుడూ ఉప్పు లేని ఆర్వో నీళ్లే పోయాలి. ఇప్పటికే పెరిగిపోయిందా, ఒక్కరోజులో దించొద్దు, రోజుకి కాస్త ట్యాంక్ నీళ్లు తీసి ఆర్వో నీళ్లు పోస్తూ మెల్లగా దించండి. ఉప్పు కొలిచే రిఫ్రాక్టోమీటర్‌ని కూడా నమ్మేయకుండా 35 పీపీటీ (లీటరుకి దాదాపు 35 గ్రాముల ఉప్పు) కాలిబ్రేషన్ లిక్విడ్‌తో ఒకసారి చెక్ చేయండి.

ఆర్వో అంటే వంటింట్లో ఉన్నదే కదా అనుకోకండి, వాటిలో చాలావాటికి టీడీఎస్ (నీళ్లలో కరిగిన లవణాల లెక్క) కంట్రోలర్ ఉంటుంది, రుచి కోసం మామూలు నీళ్లు కొంచెం కలిపేస్తుంది, మనది బోరు నీళ్లయితే ఇక చెప్పక్కర్లేదు. టీడీఎస్ మీటర్ పెట్టి చూడండి, డీఐ ఫిల్టర్ (ఆర్వో తర్వాత మిగిలిన లవణాలు కూడా తీసేసేది) కూడా ఉన్న యూనిట్ అయితే 0 చూపించాలి.

ఇవన్నీ చూశాక అనుమానం ఉన్న ఒక్కదాన్నే మార్చి వారం ఆగండి. ఆల్కలినిటీ తక్కువైతే రోజుకి 1 డీకేహెచ్ (ఆల్కలినిటీ కొలిచే యూనిట్) కన్నా ఎక్కువ పెంచొద్దు, 8 అయినా 9 అయినా పర్లేదు, రోజుకో నంబర్ ఉంటేనే ఇబ్బంది.

పోయిన కోరల్ బదులు ఇంకోటి కొనేముందు ఒక మాట, మన దేశంలో గట్టి పగడాలన్నీ 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం షెడ్యూల్ 1లో ఉన్నాయి, షాపువాడు ఫర్లేదు సార్ అన్నా తీసుకోకండి. చచ్చిన జోయాంథిడ్స్ ఉన్న రాయిని క్లీన్ చేద్దామని మాత్రం వేడినీళ్లలో ఉడికించొద్దు, వాటిలో కొన్ని రకాల్లో పాలిటాక్సిన్ అనే విషం ఉంటుంది, ఆ ఆవిరి పీలిస్తే ఇంట్లో అందరూ ఆస్పత్రిలో పడతారు, గ్లవ్స్, కళ్లకి రక్షణ అద్దాలు లేకుండా ముట్టుకోనే వద్దు.