దూలాన్ని తుమ్మెద తొలిస్తే: కన్నం ఎప్పుడు పూడ్చాలి, ఎలా పూడ్చాలి

చూరు కింద నేల మీద రంపపు పొట్టు రాలి ఉంటే తలెత్తి వాసం అడుగు వైపు చూడండి. బరమాతో తొలిచినట్టు, సుమారు ఒకటిన్నర సెంటీమీటర్ల గుండ్రటి కన్నం, దాని కింద గోడ మీద పసుపు చారలు ఉంటే అది తుమ్మెద పనే. చెదయితే మట్టి గీతలుంటాయి. పుచ్చుపురుగయితే గుండుసూది తలంత రంధ్రాలు, మెత్తటి పిండి.

తుమ్మెద చెక్కను తినదు. ఆడది గూటి కోసం తొలుస్తుంది. కన్నం కాస్త లోపలికి వెళ్లి, నార వెంబడి పక్కకు తిరుగుతుంది. ఆ సొరంగంలో పుప్పొడి, తేనె కలిపిన ముద్ద మీద గుడ్డు పెట్టి, పొట్టుతో అడ్డుగోడ కడుతుంది. ఒక్క గూటితో దూలం కూలదు. అయితే పిల్లలూ అక్కడే సొరంగాన్ని పొడిగిస్తూ పోతే సన్న వాసాలు బోలవుతాయి. హుద్‌హుద్ తుపాను చూసిన విశాఖలో పెంకుటింటి వాళ్లు దీన్ని తేలిగ్గా తీసుకోకూడదు. సుత్తి పిడితో తట్టి చూడండి. బోలు చప్పుడు మూరెడు మేర వస్తే పూడ్చి లాభం లేదు, వాసం మార్చాల్సిందే.

ముఖం ముందు గాల్లో ఆగి బెదిరించేది మగది. దానికి కొండి లేదు. ఆడది కుట్టగలదు గానీ, చేత్తో పట్టుకుంటే తప్ప సాధారణంగా ఆ పని చేయదు. దయచేసి చంపకండి. వంగపూలకు, మునగపూలకు పరాగం చేరవేసేవాటిలో ఇది ముఖ్యమైనది. మునగ మీద ఆంధ్రా యూనివర్సిటీ పరిశోధకులు 1990లో ప్రచురించిన పత్రంలోనూ ముఖ్యంగా చెప్పింది దీని గురించే.

అసలు పొరపాటు తొందరపడి పూడ్చడంలో జరుగుతుంది. లోపలున్న తుమ్మెద పక్క నుంచి మరో కన్నం చేసుకుని వస్తుంది, పిల్లలు లోపలే చస్తాయి. అందుకని సాయంత్రం కన్నంలో టిష్యూ కాగితం ఉండ వదులుగా పెట్టండి. మర్నాడు మధ్యాహ్నానికి బయటికి నెట్టేసి ఉంటే గూట్లో తుమ్మెద ఉన్నట్టే. గుడ్డు తుమ్మెదయ్యేందుకు నెలన్నర, రెండు నెలలు పట్టొచ్చు కాబట్టి అప్పటిదాకా ఆగి, మళ్లీ పరీక్షించండి. వరసగా మూడు రోజులు కాగితం కదలకపోతే పూడ్చండి. కిరోసిన్ పోయడం, మంట పెట్టడం వద్దు. ఎండిన చెక్క ఇట్టే అంటుకుంటుంది.

పూడ్చేటప్పుడు ముందు గిన్నెలు తోమే స్టెయిన్‌లెస్ స్టీలు పీచు కుక్కండి. మామూలు ఇనుప పీచు సముద్రపు గాలికి తుప్పు పట్టి రాలిపోతుంది. ఆపైన కన్నానికి బిగువుగా సరిపోయే కర్ర బిరడాకు ఫెవికాల్ రాసి కొట్టి, ఒక రోజు ఆరనిచ్చి, పైకొచ్చింది కోసి గరుకు కాగితంతో రుద్దండి. ఉట్టి పుట్టీ పెడితే తుమ్మెద తవ్వి పారేస్తుంది. సిమెంటు ఎండాక చెక్క నుంచి విడిపోతుంది.

తర్వాత ప్రైమరు, రెండు పూతల ఎనామిల్ పెయింటు. అడుగు వైపు, కోసిన చివరలు వదలొద్దు, తుమ్మెద వెతికేది అవే. వార్నిష్ ఇంత బాగా ఆపదు. వెదురు పందిరయితే తెరిచి ఉన్న గొట్టాల మూతులు ఎం-సీల్‌తో మూసేయండి.

దానికో చోటు చూపిస్తే ఇంకా మంచిది. అడుగు పొడవు వెదురు ముక్కలు, ఒక చివర కణుపుతో మూసుకున్నవి, లోపలి వెడల్పు ఒకటిన్నర సెంటీమీటర్లున్నవి, నాలుగైదు కట్టగా కట్టి, ఇంటికి దూరంగా వాన తగలని చోట అడ్డంగా వేలాడదీయండి.