మోనోరెపోకి సీఐ పెట్టే ముందు ఇవి చూసుకోండి

మోనోరెపో అంటే చాలా ప్రాజెక్టుల కోడ్ ఒకే రెపోలో ఉండటం, సీఐ అంటే కోడ్ మారినప్పుడల్లా టెస్టులు వాటంతటవే నడిచే ఏర్పాటు. ఆ సీఐ సెట్టింగులు రాసే యామల్ ఫైల్ తెరిచేముందే ఏ ప్యాకేజీ దేని మీద ఆధారపడిందో ఒకసారి కాగితం మీద గీసుకోండి, ఎందుకంటే కామన్ లైబ్రరీలో ఒక్క లైన్ మారినా దాన్ని వాడే సర్వీసులన్నిటి టెస్టులూ నడవాలి, ఉత్త ఫోల్డర్ పేరు చూసి ఫిల్టర్ పెట్టేస్తే సరిగ్గా ఈ టెస్టులే నడవకుండా తప్పించుకుంటాయి.

గిట్‌హబ్ యాక్షన్స్ (గిట్‌హబ్ సొంత సీఐ) వాడేవాళ్లకి ఇంకో తలనొప్పి ఉంది. పాత్ ఫిల్టర్ (ఫలానా ఫోల్డర్లు మారితేనే నడవమనే రూల్) వల్ల వర్క్‌ఫ్లో మొత్తం స్కిప్ అయిపోయి, అదే రిక్వైర్డ్ చెక్ (మెర్జ్ అవ్వాలంటే తప్పక పాసవ్వాల్సింది) కూడా అయితే, పెండింగ్‌లోనే కూర్చుంటుంది, మెర్జ్ అవ్వదు, ఎంత వెతికినా ఎర్రర్ కనపడదు, ఎందుకంటే అసలు ఎర్రరే లేదు కదా! అందుకే వర్క్‌ఫ్లోని ఎప్పుడూ నడవనిచ్చి లోపల జాబ్‌కి ఇఫ్ కండిషన్ పెట్టండి, గిట్‌హబ్ స్కిప్ అయిన జాబ్‌ని సక్సెస్ కిందే లెక్కేస్తుంది.

చెకౌట్ (రెపోలోని కోడ్‌ని జాబ్‌లోకి తెచ్చే స్టెప్) మామూలుగా ఒక్క కమిట్‌నే తెస్తుంది. మెయిన్‌తో డిఫ్ తీయాలంటే (ఏం మారిందో పోల్చాలంటే) ఫెచ్ డెప్త్ 0, అంటే మొత్తం హిస్టరీ, ఇవ్వాలి (పెద్ద రెపో అయితే కాస్త స్లో అవుతుంది, తప్పదు).

క్యాష్ కీలో లాక్‌ఫైల్ (ప్యాకేజీల కచ్చితమైన వెర్షన్లు రాసుండే ఫైల్) హ్యాష్ ఉందా చూసుకోండి, లేకపోతే వెర్షన్లు మారినా పాత క్యాషే వస్తుంది. టైమౌట్ కూడా మీరే పెట్టుకోండి, లేకపోతే ఇరుక్కుపోయిన జాబ్ 360 నిమిషాల దాకా అలా తిరుగుతూనే ఉంటుంది. సీక్రెట్స్ (పాస్‌వర్డ్‌లు, టోకెన్లు లాంటివి) మాత్రం డిప్లాయ్ జాబ్‌కి తప్ప ఇవ్వొద్దు, టెస్టులకి వాటితో పనేంటి.