ముద్ద దిగకపోవడానికి కారణం నొప్పి మాత్రలే

చీమకుర్తి క్వారీ పనిలో నడుం పట్టేసి, ఏడాది పైన రోజూ ట్రమడాల్ అనే నల్లమందు రకం (ఓపియాయిడ్) నొప్పి మాత్ర వేసుకున్నాను. పోనుపోను అన్నం ముద్దే కాదు, మంచినీళ్లు కూడా రొమ్ము మధ్యలో ఆగిపోయేవి. గుండెజబ్బేమోనని ఇంట్లో ఒకటే టెన్షన్. ఎండోస్కోపీలో ఏమీ కనపడలేదు.

ఒంగోలు డాక్టరుగారు ముందు నా మాత్రల చీటీ చూశారు. అడగాల్సింది అదే, అంతకుముందు ఎవరూ అడగలేదు. ఈ రకం మాత్రలు అన్నవాహిక నరాల మీద పనిచేస్తాయట. కండరాలు పైనుంచి కిందికి వరసగా కదలకుండా బిగుసుకుంటాయి, కడుపు దగ్గరి ద్వారం సరిగా తెరుచుకోదు. చెన్నైలో ముక్కులోంచి సన్నగొట్టం వేసి, అన్నవాహిక కండరాల ఒత్తిడి కొలిచే మానోమెట్రీ పరీక్షలో అదే తేలింది.

ఒక్కసారిగా మానితే వణుకు, చెమటలు వస్తాయని, ఆయనే డోసు కొద్దికొద్దిగా తగ్గించారు. నడుముకు ఫిజియోథెరపీ పెట్టారు. రెండు నెలలకు సంగటి, చేపల పులుసు హాయిగా దిగాయి.