సెకండ్ హ్యాండ్ బీఎమ్‌డబ్ల్యూ 320డి: ఏది ముందు చూడాలి, ఏది ఎప్పుడు మార్చాలి

బీఎమ్‌డబ్ల్యూ 3 సిరీస్‌లో ఎఫ్30 అనే కోడ్‌పేరున్న తరం 320డి డీజిల్ కారు మన దేశానికి 2012లో వచ్చింది. కొత్తలో రోడ్డెక్కేసరికి ముప్పై, నలభై లక్షలు పలికిన ఈ కారు ఇవాళ సెకండ్ హ్యాండ్ మార్కెట్లో మామూలు కొత్త కారు ధరకే దొరుకుతోంది. దిగింది కారు ధర మాత్రమే. లోయర్ ఆర్మ్, ఇంజెక్టర్, గేర్‌బాక్స్ పాన్ (కింది ఆయిల్ తొట్టి) ధరలు ఇప్పటికీ నలభై లక్షల కారువే. కొన్న ధరలో ఐదో వంతైనా మొదటి ఏడాది పనులకు విడిగా ఉంచుకోలేకపోతే దీని జోలికి పోకపోవడమే మేలు.

డబ్బు విడిగా ఉంచుకున్నవాళ్లు కూడా ఒక చోట నష్టపోతారు. స్క్రీన్ మీద ఏ వార్నింగ్ వస్తే ఆ పార్టు మార్పించేస్తారు. ఈ కార్లలో వార్నింగ్ కనిపించేది ఒకచోట, జబ్బు ఉండేది మరోచోట. అందుకే వెతికే వరుస ముఖ్యం. మొదట కరెంటు, తర్వాత లీకులు, ఆ తర్వాత ఆయిళ్లు చూడాలి. సెన్సర్ల వంతు ఇవన్నీ అయ్యాకే.

ఏ ఇంజన్ ఉంది?

2012 నుంచి ఫేస్‌లిఫ్ట్ (మధ్యలో మెరుగులు దిద్దిన మోడల్) దాకా వచ్చిన కార్లలో ఎన్47 ఇంజన్ ఉంటుంది, 184 హార్స్‌పవర్. 2016 మొదట్లో మన దగ్గరికి వచ్చిన ఫేస్‌లిఫ్ట్ కార్లలో బీ47, 190 హార్స్‌పవర్. రెండింట్లోనూ టైమింగ్ చైన్ (వాల్వులను పిస్టన్లతో లయలో నడిపే గొలుసు) ఇంజన్ వెనక, గేర్‌బాక్స్ వైపు ఉంటుంది. చైన్ పేరు చెడిపోయింది ఎన్47 వల్లే. 2011కి ముందు తయారైనవాటిలో ఈ బాధ ఎక్కువ. ఎఫ్30 నాటికి తగ్గింది కానీ, పాతిక వేల కిలోమీటర్లకు ఒకసారి ఆయిల్ మార్చిన కారైతే నమ్మడానికి లేదు.

వినే పద్ధతి చెబుతాం. రాత్రంతా ఆగి ఉన్న కారును పొద్దున్నే, ఏసీ ఆపేసి, బానెట్ తెరిచి స్టార్ట్ చేయించండి. అమ్మేవాళ్లు ముందే వేడి చేసి ఉంచితే ఈ పరీక్ష దండగ, కాబట్టి బానెట్ మీద చెయ్యి పెట్టి చూడండి. ఐడిల్‌లో ఒకసారి, 1500 నుంచి 2000 ఆర్‌పీఎమ్ మధ్య నిలిపి ఒకసారి వినాలి. ఇంజన్ వెనకవైపు, అంటే డ్యాష్‌బోర్డ్ గోడ దగ్గర నుంచి లోహం గీసుకున్నట్టు కరకరమంటే అది చైన్ గైడు. ముందువైపు నుంచి కీచుమంటే చైన్ కాదు, క్రాంక్ పుల్లీ. ఎన్47లో ఆ పుల్లీ రబ్బరు పగిలి విడిపోతుంది, బెల్టును కూడా తినేస్తుంది. పుల్లీ మార్చేటప్పుడు బోల్టులు కొత్తవే వాడాలి. ఇది చిన్న పనే. చైన్ పని అలా కాదు, కనీసం గేర్‌బాక్స్ దించాలి. చైన్ తెగితే వాల్వులు పిస్టన్లకు తగిలి ఇంజనే పోతుంది. ఆ శబ్దం వింటే బేరం ఆడకుండా లేచి వచ్చేయండి.

అన్నిటికన్నా ముందు బ్యాటరీ

డ్రైవ్‌ట్రెయిన్ మాల్‌ఫంక్షన్, డీఎస్‌సీ (కారు జారకుండా పట్టే వ్యవస్థ), స్టీరింగ్, పార్కింగ్ సెన్సర్ వార్నింగులు ఒకేసారి వచ్చాయంటే అన్ని మాడ్యూళ్లూ (ఒక్కో పనిని నడిపే చిన్న కంప్యూటర్లు) ఒకే రోజు పాడయ్యాయని కాదు. చాలాసార్లు వోల్టేజీ పడిపోయిందని అర్థం. బ్యాటరీ డిక్కీలో ఉంటుంది, ఏజీఎమ్ రకం (యాసిడ్‌ను గ్లాస్ ఫైబర్ పొరలు పీల్చుకుని ఉంచేది). కారును రాత్రంతా లాక్ చేసి ఉంచి, పొద్దున తాళం తీయకముందు టెర్మినళ్ల దగ్గర మల్టీమీటర్ పెట్టే వీలుంటే మంచిది. 12.7 వోల్టులు ఉంటే నిండుగా ఉన్నట్టు. 12.2 కంటే తక్కువైతే ముందు ఛార్జ్ చేసి ఎర్రర్లు చెరిపి రెండు రోజులు తిప్పండి. సగం ఎర్రర్లు మళ్లీ రావు.

ఇంజన్ నడుస్తుండగా 14 వోల్టులు కనిపించలేదని ఆల్టర్నేటర్ మార్చేసేవాళ్లు ఉన్నారు. ఈ కారులో ఛార్జింగ్‌ను కంప్యూటర్ నడుపుతుంది. యాక్సిలరేటర్ తొక్కినప్పుడు తగ్గిస్తుంది, వదిలినప్పుడు పెంచుతుంది. 12.8 నుంచి 15 దాకా మారుతూ ఉండటం మామూలే. లైట్లు, బ్లోయర్, వెనక గ్లాసు హీటర్ అన్నీ వేసి కొంతసేపు చూశాక కూడా 12.5 దాటకపోతే అప్పుడు అనుమానించండి.

కొత్త బ్యాటరీ వేశాక రిజిస్టర్ చేయడం, అంటే కారు కంప్యూటర్‌ను చదివే స్కానర్‌తో బ్యాటరీ మారిందని దానికి చెప్పడం, తప్పనిసరి. లేకపోతే ముసలి బ్యాటరీకి అలవాటుపడిన ఛార్జింగ్ పద్ధతిని కారు కొత్తదాని మీదా కొనసాగిస్తుంది, దాంతో కొత్తది ముందే పోతుంది. అదే ఆంపియర్ అవర్లు, అదే ఏజీఎమ్ రకం అయితే రిజిస్టర్ చేస్తే చాలు. 80 తీసి 90 వేస్తే కోడింగ్ (కంప్యూటర్‌లో రాసి ఉన్న బ్యాటరీ సైజు) కూడా మార్చాలి. బయటి షాపుల్లో మామూలు బ్యాటరీ తక్కువకు ఇస్తామంటారు, వద్దు. ఛార్జర్ తగిలించేటప్పుడు నేరుగా బ్యాటరీకి కాకుండా బానెట్ కింద ఉన్న ప్లస్ పాయింటుకు, బాడీ ఎర్త్‌కు తగిలించండి. నెగటివ్ టెర్మినల్ మీద ఉన్న సెన్సర్ అప్పుడే లెక్క సరిగ్గా రాసుకుంటుంది.

రెండు, మూడు రోజులు ఆగితే బ్యాటరీ దిగిపోతుంటే ఎక్కడో కరెంటు కారుతోంది. డిక్కీ తెరిచి, దాని తాళం కొక్కాన్ని స్క్రూడ్రైవర్‌తో నొక్కి మూసినట్టు చేయండి. నెగటివ్ కేబుల్ చుట్టూ డీసీ క్లాంప్ మీటర్ వేసి, కారు లాక్ చేసి, కీని దూరంగా పెట్టండి. ఒక గంట ఆగాలి, మాడ్యూళ్లన్నీ నిద్రపోవడానికి అంత సమయం ఇవ్వాలి. అప్పటికీ 80 మిల్లీ ఆంపియర్లు దాటితే ఫ్యూజులు పీకి చూసే ముందు, పాత ఓనర్ తగిలించిన డ్యాష్‌క్యామ్, జీపీఎస్ ట్రాకర్, హారన్ రిలే వెతకండి. దొంగ ఎక్కువగా అక్కడే దొరుకుతాడు.

కూలెంట్ తగ్గుతుంటే నిర్లక్ష్యం చేయొద్దు

బయట ఎక్కడా చుక్క పడదు, అయినా నెలకోసారి కూలెంట్ తక్కువ అని వస్తుంది. మెకానిక్ నీళ్లు పోసి పంపిస్తాడు. ఈ డీజిల్ ఇంజన్లలో ఇది ప్రమాదకరం. ఈజీఆర్ కూలర్ (ఇంజన్‌లోకి తిరిగి పంపే పొగను చల్లార్చే భాగం) లోపల చిల్లుపడితే కూలెంట్‌లోని గ్లైకాల్ కారి మసితో కలిసి గట్టిపడుతుంది. వేడి పొగ తగిలి అది అంటుకుంటే ఇంజన్‌కు గాలి పంపే ప్లాస్టిక్ ఇన్‌టేక్ మానిఫోల్డ్ కరిగి మంటలు రేగుతాయి. 2018లో దక్షిణ కొరియాలో కార్లు వరసగా కాలిపోయింది దీనివల్లే. ఆ ఏడాది అక్టోబరులో బీఎమ్‌డబ్ల్యూ ప్రపంచవ్యాప్తంగా రీకాల్‌ను పదహారు లక్షల డీజిల్ కార్లకు పెంచింది. కొన్న వారంలోనే ఛాసిస్ నంబరులోని చివరి ఏడు అక్షరాలు డీలర్‌కు ఇచ్చి, మీ కారుకు రీకాల్ పని ఏమైనా పెండింగ్ ఉందేమో అడగండి.

పరీక్ష సులువు. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు కూలెంట్ ట్యాంకుకు ప్రెషర్ టెస్టర్ బిగించి, మూత మీద రాసిన ప్రెషర్ మించకుండా గాలి పెట్టి పదిహేను నిమిషాలు ఉంచాలి. ముల్లు దిగుతూ బయట ఎక్కడా తడి లేకపోతే ఈజీఆర్ కూలర్ విప్పి చూడాలి. విప్పాక ఇన్‌టేక్‌లో పేరుకున్న మసిని కూడా శుభ్రం చేయించండి, మళ్లీ విప్పే కూలి మిగులుతుంది.

కూలెంట్ నీలం రంగు జీ48 రకం, డిస్టిల్డ్ వాటర్‌తో సగం సగం. మన బోరు నీళ్లు పోస్తే రేడియేటర్ సన్న గొట్టాల్లో సున్నం కడుతుంది. కొన్నప్పుడు ట్యాంకులో రంగు వెలిసిన నీళ్లు కనిపిస్తే అంతా తీసి కొత్తది, వీలైతే వ్యాక్యూమ్ పద్ధతిలో నింపించండి. గాలి బుడగ లోపల మిగలదు.

దీనికి తోడు థర్మోస్టాట్ (వేడిని బట్టి కూలెంట్ దారి తెరిచే వాల్వు) గురించి ఒక మాట. అది తెరుచుకుని ఇరుక్కుపోతే ఇంజన్ ఎంత నడిచినా చల్లగానే ఉంటుంది. మన ఎండల్లో ఎవరికీ తెలియదు. డీపీఎఫ్ (పొగలోని మసిని పట్టే ఫిల్టర్) ఉన్న కారైతే మసి కాల్చుకోదు, మైలేజీ పడిపోతుంది. స్కానర్‌లో కూలెంట్ ఉష్ణోగ్రత చూడండి. హైవే మీద ఇరవై నిమిషాలు నడిపాక కూడా 75 డిగ్రీలు దాటకపోతే థర్మోస్టాట్ మార్చాలి.

ఇంజన్ ఆయిల్

కారు చెప్పేదాకా ఆగకండి. ఎనిమిది నుంచి పది వేల కిలోమీటర్లకు, లేదా ఏడాదికి, ఏది ముందైతే అప్పుడు మార్చండి. బీఎమ్‌డబ్ల్యూ ఆయిల్ ప్రమాణమైన లాంగ్‌లైఫ్-04 అని డబ్బా మీద స్పష్టంగా రాసి ఉన్న 5డబ్ల్యూ-30 వాడాలి. ఎన్47కు ఫిల్టరుతో కలిపి 5.2 లీటర్లు పడుతుంది. ముందు 5 పోసి, ఇంజన్ వేడెక్కాక సమతలం మీద లెవెల్ చూసి మిగతాది పోయండి. డ్రెయిన్ బోల్టుకు ప్రతిసారీ కొత్త వాషర్ వేసి 25 న్యూటన్ మీటర్లకు (బిగింపు బలం కొలత) బిగించాలి. ఫిల్టర్ మూతకు కూడా అంతే. ఆ మూత ప్లాస్టిక్‌ది, ఎయిర్‌గన్‌తో బిగిస్తే పగులుతుంది. డీజిల్ ఫిల్టర్ రెండు ఆయిల్ సర్వీసులకు ఒకసారి మార్చేయండి.

గేర్‌బాక్స్: జీవితాంతం అన్న మాట నమ్మకండి

ఈ కారులోని జెడ్‌ఎఫ్ 8హెచ్‌పీ (ఎనిమిది గేర్ల ఆటోమేటిక్) గేర్‌బాక్స్ గట్టిది. ఆయిల్ మార్చనక్కర్లేదని కార్ల కంపెనీ అంటుంది. గేర్‌బాక్స్ తయారుచేసిన జెడ్‌ఎఫ్ మాత్రం 80 వేల నుంచి లక్షా ఇరవై వేల కిలోమీటర్లకు, లేదా ఎనిమిదేళ్లకు మార్చమంటుంది. తయారుచేసినవాళ్ల మాటే వినండి. మూడు నుంచి రెండుకో, రెండు నుంచి ఒకటికో గేరు దిగేటప్పుడు కుదుపు వస్తుంటే ఆయిల్ పాతబడిందనో తగ్గిందనో అనుమానించాలి. పాన్ ప్లాస్టిక్‌ది, వంకరపోయి అంచుల్లో తడి చేరుతుంది. మెకట్రానిక్ (గేర్లు మార్చే కంట్రోల్ యూనిట్) కనెక్టర్ దగ్గరి స్లీవ్ కూడా కారుతుంది. పాన్ దించినప్పుడే ఆ స్లీవ్‌ను కూడా మార్చేయండి.

ఫిల్టర్ పాన్‌లోనే కలిసి ఉంటుంది, కాబట్టి పాన్ మొత్తం మార్చాలి. జెడ్‌ఎఫ్ కిట్‌లో పాన్, బోల్టులు, 7 లీటర్ల లైఫ్‌గార్డ్ 8 ఆయిల్ వస్తాయి. పాన్ బోల్టులు 10 న్యూటన్ మీటర్లు, అడ్డంగా ఎదురెదురు వరసలో బిగించాలి. అసలు తప్పు జరిగేది లెవెల్ దగ్గర. కారు నాలుగు వైపులా సమంగా లేచి ఉండాలి. పట్టినంత నింపి, ఇంజన్ స్టార్ట్ చేసి, బ్రేక్ తొక్కి పీ, ఆర్, ఎన్, డీ అన్నిట్లో కొన్ని క్షణాల చొప్పున ఉంచి తిరిగి ‘పీ’లోకి రావాలి. స్కానర్‌లో గేర్‌బాక్స్ ఆయిల్ ఉష్ణోగ్రత 40 డిగ్రీల దగ్గర ఉన్నప్పుడు, ఇంజన్ నడుస్తుండగానే ఫిల్ ప్లగ్ తీసి చూడాలి. ఆయిల్ సన్నగా పొర్లితే లెవెల్ సరిపోయింది. 50 దాటాక చూస్తే ఆయిల్ ఉబ్బి ఉంటుంది, సరిపోయిందనుకుంటారు, చల్లారాక తక్కువ పడుతుంది. ఉష్ణోగ్రత చూడకుండా మార్చే షెడ్డుకు ఈ పని ఇవ్వకండి. గేర్లు ఇప్పటికే జారుతున్న కారుకు మాత్రం ఆయిల్ మార్పు మందు కాదు.

కారు కింది పనులు, టైర్లు

80 నుంచి 100 వేగంలో బ్రేక్ వేస్తే స్టీరింగ్ వణుకుతోందని డిస్కులు మార్పిస్తారు, వణుకు పోదు. మొదట, ముందు చక్రాన్ని పట్టి ఉంచే టెన్షన్ ఆర్మ్ బుష్ (రబ్బరు కీలు) చూడండి. దాంట్లో నూనె నింపి ఉంటుంది, పగిలితే చుట్టూ నల్లటి జిడ్డు కనిపిస్తుంది. కొత్త ఆర్మ్ వేసేటప్పుడు బోల్టును చివరిగా బిగించాల్సింది కారు నేల మీద ఉన్న ఎత్తులోనే. చక్రాలు వేలాడుతుండగా బిగిస్తే బుష్ మెలిపడి ఉండిపోయి త్వరలోనే చిరుగుతుంది. చాలా షెడ్లలో ఈ నియమం పాటించరు, దగ్గరుండి చూసుకోండి. తర్వాత అలైన్‌మెంట్ తప్పదు.

రన్‌ఫ్లాట్ టైరు గాలి లేకుండా 80 వేగంలో సుమారు 80 కిలోమీటర్లు నడుస్తుంది. గుంతల్లో పడితే పక్కగోడ బుడగ కడుతుంది, అది రిపేరుకు లొంగదు. మామూలు టైర్లకు మారితే కారు మెత్తగా నడుస్తుంది, కాకపోతే నాలుగూ ఒకేసారి మార్చండి. స్టెప్నీ లేకపోతే కంప్రెసరు, పంక్చర్ కిట్ డిక్కీలో ఉంచుకోవాలి.

విడిభాగాలు

ఛాసిస్ నంబరుతో పార్టు నంబరు తెలుసుకుని, అదే నంబరుకు కంపెనీకి సరఫరా చేసే బ్రాండ్ కొనండి. ఆర్ములకు లెమ్‌ఫోర్డర్, షాకులకు సాక్స్, ఫిల్టర్లకు మాన్ లేదా మాలే. షోరూం డబ్బాలో ఉండేది కూడా చాలాసార్లు వీళ్ల సరుకే, ధర మాత్రం ఎక్కువ. ఎర్రర్ కోడ్ చెరిపే ముందు ఫోటో తీసుకోండి, అది ఏ కిలోమీటరు దగ్గర వచ్చిందో అందులో ఉంటుంది. మీటరు తిప్పిన కారు అక్కడే దొరికిపోతుంది. రెండు లక్షల దగ్గర నమోదైన కోడ్, మీటరులో తొంభై వేలు ఉంటే ఇక అడగాల్సింది ఏమీ లేదు.

వర్షం

2020 అక్టోబరులో హైదరాబాద్‌ను, 2024 సెప్టెంబరులో విజయవాడను వరద ముంచింది. మునిగిన కార్లు కడిగి, తుడిచి ఊరు మార్చి అమ్ముడవుతాయి. సీటు బెల్టును చివరిదాకా లాగి చూడండి, అడుగున బురద గీత ఉంటే తెలిసిపోతుంది. కార్పెట్ కింది ఫోమ్‌ను వేళ్లతో నొక్కండి, డిక్కీలో బ్యాటరీ గుంటను చూడండి.

ఈ కారు మాన్యువల్ ప్రకారం 25 సెంటీమీటర్ల లోతు నీటిలో, అదీ నడక వేగంలో, గంటకు 5 కిలోమీటర్లకు మించకుండా పోవాలి. అది టైరు సగం కూడా కాదు. నీళ్లలో ఇంజన్ ఆగిపోతే మళ్లీ స్టార్ట్ బటన్ నొక్కకండి. సిలిండర్లో నీళ్లుంటే ఆ ఒక్క నొక్కుకే కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. బ్యాటరీ నెగటివ్ తీసి, ఇన్సూరెన్స్‌కు ఫోన్ చేసి, ఫ్లాట్‌బెడ్ మాత్రమే పంపమని చెప్పండి. ఆటోమేటిక్ కాబట్టి వెనక చక్రాలు నేల మీద దొర్లేలా తాడు కట్టి లాగనివ్వకండి.