మూడు బిల్లులు చూసి మూడు ధరలు కనుక్కోవడం ఎలా?

పదో తరగతిలో రెండు చరరాశుల (విలువ తెలియని అక్షరాల) లెక్కలు చకచకా చేసినవాళ్లు కూడా ఇంటర్ ఫస్టియర్‌లో మూడోది కనపడగానే టెన్షన్ పడతారు. మూడింటిని రెండు చేసుకోగలిగితే మళ్లీ ఆ పదో తరగతి లెక్కే కదా!

టిఫిన్ సెంటర్‌లో ధరల బోర్డు లేదు, చేతిలో మూడు బిల్లులున్నాయి అనుకోండి. ప్లేటు ఇడ్లీ ఇ, ప్లేటు వడ వ, టీ ట.

ఇ + వ + ట = 85
2ఇ + వ + 3ట = 145
ఇ + 3వ + 2ట = 180

మొదటి దాంట్లో ఇ గుణకం 1 కాబట్టి ముందు దాన్నే తప్పిద్దాం. రెండో దాంట్లోంచి మొదటిదాని రెట్టింపు తీసేస్తే −వ + ట = −25. మూడో దాంట్లోంచి మొదటిది తీసేస్తే 2వ + ట = 95. చాలామంది బోల్తా పడేది ఇక్కడే: ఒక జతలో ఇ తీసేసి, ఇంకో జతలో వ తీసేస్తారు, అప్పుడు రెండు సమీకరణాలు మిగిలినా తెలియనివి మూడూ అలాగే ఉంటాయి. రెండు జతల్లోనూ ఒకే అక్షరం పోవాలి. ఇంకోటి, ఎడమవైపంతా రెట్టింపు చేసి కుడివైపు 85ని అలాగే వదిలేయడం, తీసేయాల్సింది 170. నేనైతే తీసివేత జోలికే పోను, మొత్తం సమీకరణాన్ని −2తో గుణించి కూడేస్తాను, గుర్తులు తారుమారు కావు.

ఇప్పుడు మిగిలిన రెండింట్లో ఒకదాన్లోంచి ఇంకోటి తీసేస్తే 3వ = 120, అంటే వడ 40. దాన్నిబట్టి టీ 15, మొదటి బిల్లులో వేస్తే ఇడ్లీ 30. సరిచూసుకునేది మాత్రం రెండో, మూడో బిల్లుల్లోనే, ఎందుకంటే ఇడ్లీ ధర మొదటి దాంట్లోంచే తీశాం, ముందెక్కడ తప్పు చేసినా అది సరిపోతుంది.

నాలుగు, ఐదు చరరాశులున్నా దారి ఇదే. జర్మన్ గణితవేత్త గౌస్ పేరుతో చెప్పుకునే ఈ పద్ధతిలోనే చైనాలో దాదాపు 2000 ఏళ్ల కిందట పుల్లలు పేర్చి ధాన్యం లెక్కలు చేశారు. ఇవే లెక్కలకు ఇంకో పద్ధతి క్రామర్ నియమం, అందులోనైతే మూడు చరరాశులకే నాలుగు నిర్ధారకాలు (గుణకాలను చదరంగా పేర్చి లెక్కగట్టే సంఖ్యలు) కట్టాలి, ప్రశ్నలో అడిగితే తప్ప నేను వాడను.

ఒక్కోసారి అక్షరాలన్నీ ఎగిరిపోతాయి, కంగారు పడొద్దు. మూడో బిల్లు 3ఇ + 2వ + 4ట = 230 అయ్యుంటే చివరికి 0 = 0 వస్తుంది; అది మొదటి రెండింటి మొత్తమే, కొత్తగా ఏమీ చెప్పదు, కాబట్టి సాధనలు అనంతం. అదే 240 అని ఉంటే 0 = 10 వస్తుంది, సాధనే లేదు, ఏదో ఒక బిల్లు తప్పు వేశారన్నమాట.